టెస్టు పాజిటివ్ అంటే నా టి కణాలు ఓడిపోయినట్టేనా?

కోస్తాలోని ఓ పట్టణం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. ఆ ఉత్తరం సారాంశం ఇది.

ఆవిడకు 31 ఏళ్లు. అత్తమామలతో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నారు. మామయ్యగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతికి ముందు నుంచీ ఆయనకు దగ్గు. బీడీల వల్లే అనుకుని మూడు నెలలపాటు దగ్గు మందు సీసాలతో నెట్టుకొచ్చారు. చివరికి కళ్లె పరీక్ష చేయిస్తే ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ప్రభుత్వాసుపత్రి మందులు మొదలై రెండు నెలలు దాటింది. దగ్గు తగ్గింది, అన్నం సయిస్తోంది. ఆయనకు జబ్బు అని తెలిసిన వారంలోనే ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఆవిడ భర్తకు, షుగరున్న అత్తయ్యగారికి రక్తపరీక్ష నెగిటివ్ వచ్చింది. ఆవిడకు మాత్రం పాజిటివ్. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, దగ్గూ జ్వరమూ ఏమీ లేవు. నాలుగేళ్ల పాప ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. అయినా తల్లీకూతుళ్లిద్దరినీ టీబీ రాకుండా ముందుగానే మందు వేసుకోమన్నారు డాక్టరుగారు.

పేచీ అక్కడ మొదలైంది. లేని రోగానికి మందేమిటి, లివరు చెడిపోతుంది అంటారు భర్త. పసిపిల్లకు అంత వేడి మందులా అని అత్తయ్యగారు పాప మాత్రలు బీరువాలో దాచేశారు. తోడికోడలు చూడటానికి వచ్చి, రిపోర్టు చదివి, దీనికీ అంటుకుందని బంధువులందరికీ ఫోన్లు చేసింది. అప్పటి నుంచీ ఆవిడకు కంచం వేరు, గ్లాసు వేరు. వరసకు అన్నయ్య అయ్యే ఒకాయన ఇమ్యూనిటీ పొడి అమ్ముతాడు. నీ టి సెల్స్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, అవే టి కణాలు) వీకయ్యాయి, మూడు డబ్బాలు తాగితే చాలు అంటున్నాడు. వీటికి తోడు, ఈ ఏడాది రెండో బిడ్డను కనాలని భార్యాభర్తలు అనుకుంటున్నారు.

ఆవిడ మాటల్లోనే కొంత: "రిపోర్టులో టి సెల్ రెస్పాన్స్ అని రాసి, దాని పక్కన పాజిటివ్ అని ఉంది. అంటే నా టి సెల్స్ ఓడిపోయాయనేగా? మామయ్య గదిలోకి రోజూ భోజనం తీసుకెళ్లింది నేనే. చేసిన సేవకి ఇదా ఫలితం అనిపిస్తోంది. మందు వేసుకోనా, మాననా? పాపకి వెయ్యనా, వద్దా? నా వల్ల ఇంకెవరికైనా అంటుతుందా?" రిపోర్టు ఫొటో కూడా పంపారు. నిల్ 0.06, టీబీ యాంటీజెన్ 1.92, మైటోజెన్ 10 కంటే ఎక్కువ.

అమ్మా,

మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, మిగతాది నిమ్మళంగా చదువుకుందురుగాని. ఇప్పుడున్న స్థితిలో మీ వల్ల ఎవరికీ టీబీ అంటదు. ఊపిరితిత్తుల్లో జబ్బు లేచి, దగ్గినప్పుడో మాట్లాడినప్పుడో క్రిములు తుంపర్లతో బయటికొస్తేనే ఇంకొకరికి చేరుతుంది. ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, దగ్గూ, సాయంత్రం జ్వరమూ, బరువు తగ్గడమూ లేని మనిషి నుంచి అవి గాలిలోకి రావు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోండి, పక్కలో పడుకోబెట్టుకోండి. వంట చెయ్యండి, వడ్డించండి.

ఇక ఆ రిపోర్టు సంగతి. మిమ్మల్ని ఇంతగా కుంగదీసిన కాగితం నిజానికి ఏం చెబుతోందో చూద్దాం.

మీ దగ్గర తీసిన రక్తాన్ని ల్యాబులో వేర్వేరు గొట్టాల్లో పోస్తారు. ఒకదాంట్లో ఏమీ కలపరు, అదే నిల్. ఇంకోదాంట్లో టీబీ క్రిమికి చెందిన ప్రొటీన్ల ముక్కలుంటాయి, అదే టీబీ యాంటీజెన్. క్రిమి ఉండదు, ముక్కలే. మూడోదాంట్లో మైటోజెన్ ఉంటుంది. ఏ క్రిమితో పరిచయం ఉన్నా లేకపోయినా, ఒంట్లోని టి కణాలను ఉమ్మడిగా కదిలించే పదార్థం అది. ఈ గొట్టాలను 37 డిగ్రీల వేడిలో, అంటే మన ఒంటి వేడిలో, 16 నుంచి 24 గంటలు ఉంచుతారు. తర్వాత ఒక్కో గొట్టంలో ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం ఎంత ఊరిందో కొలుస్తారు. ఆ రసాయనాన్ని విడుదల చేసేవి ప్రధానంగా టి కణాలే. టీబీ గొట్టం అంకెలోంచి నిల్ అంకె తీసేస్తే 0.35 గానీ అంతకంటే ఎక్కువ గానీ మిగిలితే పాజిటివ్ అంటారు. మీకు 1.86 మిగిలింది.

అంటే ఏమైంది? టీబీ ప్రొటీన్ ముక్కలు ఎదురుపడగానే మీ టి కణాలు వాటిని గుర్తుపట్టాయి. ఒక్క రాత్రిలోనే ఇంటర్‌ఫెరాన్ గామా విడుదల చేశాయి. ముందు ఎప్పుడూ ఆ క్రిమిని చూడని టి కణాలు అంత త్వరగా, అంత గట్టిగా స్పందించవు. పాజిటివ్ అన్న మాటకు అర్థం ఇంతే: మీ ఒంట్లోకి టీబీ క్రిమి ఒకసారి వచ్చింది, మీ టి కణాలు దాన్ని కలుసుకున్నాయి, గుర్తుపెట్టుకున్నాయి. ఓడిపోయాయని ఆ అంకె చెప్పడం లేదు. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల ఇలా వచ్చిందేమో అనుకోవడానికీ లేదు, ఈ గొట్టంలో వాడే ప్రొటీన్లు బీసీజీలో లేవు.

మైటోజెన్ అంకెను మీరు పట్టించుకోలేదు. మీ అన్నయ్యకు జవాబు అక్కడుంది. టి కణాలు నిజంగానే నీరసించి ఉంటే ఆ గొట్టంలోనూ స్పందన తక్కువగా వచ్చేది. అలాంటప్పుడు ల్యాబువాళ్లు ఫలితం తేల్చలేమని రాస్తారు. మీ అంకె 10 దాటింది. మీ టి కణాలు చక్కగా పనిచేస్తున్నాయని ల్యాబు కొలిచి మరీ చెప్పింది.

ఇదంతా మీ ఒంట్లో ఎలా జరిగి ఉంటుందో కూడా చెబుతాను. తెలిస్తే మందు విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా అది మీదవుతుంది.

మామయ్యగారికి జబ్బు బయటపడక ముందు, ఆ దగ్గు రోజుల్లో, ఆయన గది గాలిలో తేలే క్రిములు కొన్ని మీ ఊపిరితిత్తుల చివర గాలిగదుల దాకా చేరాయి. అక్కడ మాక్రోఫేజ్‌లనే కణాలు కాచుకుని ఉంటాయి, వచ్చిన చెత్తనూ క్రిములనూ మింగేస్తాయి. మామూలు క్రిములైతే వాటి కడుపులో అరిగిపోతాయి. టీబీ క్రిమి అలా కాదు. మాక్రోఫేజ్ తనను మింగాక, తనను అరిగించే రసాలు తన దాకా రాకుండా ఆపుకుని, ఆ కణం లోపలే కాపురం పెడుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది. రక్తంలో తిరిగే యాంటీబాడీలు కణం లోపలికి వెళ్లలేవు. ఇక్కడ టి కణాలు లేకపోతే గడవదు.

రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నతనంలో పెద్దగా ఉండి, యవ్వనం వచ్చాక క్రమంగా కుంచించుకుపోతుంది. టి కణాలు తయారయ్యేది అక్కడ. పుట్టిన ప్రతి టి కణానికీ ఒక్కో రకం గ్రాహకం ఉంటుంది, అది ఫలానా ఆకారపు ప్రొటీన్ ముక్కనే పట్టుకోగలదు. సొంత శరీరాన్ని పీడించేవీ, దేనికీ పనికిరానివీ ఏరివేయగా, నూటికి తొంభై అయిదుకు పైగా థైమస్‌లోనే చచ్చిపోతాయి. మిగిలిన కొద్దిపాటి కణాలే బయటికొచ్చి ఒంట్లో తిరుగుతాయి. ప్రకృతి ఇంత కఠినంగా వడపోస్తుందా అని, ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

టి కణం క్రిమిని నేరుగా చూడలేదు. సోకిన కణం తన లోపల ఏముందో చిన్న ముక్కలుగా తన పైపొర మీద పెట్టి చూపిస్తే, ఆ ముక్కను మాత్రమే చదువుతుంది. 1970ల్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకెర్నాగెల్ కనిపెట్టినదే దీనికి పునాది. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మీ విషయంలోనూ అంతే. ఊపిరితిత్తుల్లో క్రిమిని పట్టుకున్న కొన్ని కణాలు దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు వెళ్లి, ముక్కలు చూపించాయి. లక్షలాది రకాల టి కణాల్లో ఆ ముక్కకు సరిపోయేవి కొన్నే ఉంటాయి. అవి దొరికి, రోజుల తరబడి రెట్టింపవుతూ ఓ పెద్ద సంతతిగా మారి, రక్తంలో పడి ఊపిరితిత్తులకు తిరిగి వస్తాయి. టీబీ విషయంలో ఈ తతంగం మరీ నిదానం, వారాలు పడుతుంది. అందుకే క్రిమి సోకిన కొత్తలో ఎవరికి పరీక్ష చేసినా నెగిటివే రావచ్చు. మీ ఆయనకూ, అత్తయ్యగారికీ జబ్బు తెలిసిన వారంలోనే పరీక్ష చేశారన్నారు కదా. రెండు నెలలు గడిచాయి కాబట్టి మళ్లీ చేయించాలేమో డాక్టరుగారిని అడగండి. అత్తయ్యగారి విషయంలో ఇంకొంచెం పట్టుదలగా అడగండి. షుగరు అదుపులో లేనివాళ్లలో టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ, టి కణాల స్పందన మందగించి పరీక్ష తప్పుగా నెగిటివ్ వచ్చే అవకాశమూ ఉంది. ఆవిడ మూడు నెలల షుగరు సగటు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో చూడండి.

ఊపిరితిత్తులకు చేరిన మీ టి కణాలు అక్కడ రెండు రకాల పనులు చేశాయి. సహాయక కణాలనే రకం, సోకిన మాక్రోఫేజ్ దగ్గరికి వెళ్లి, దాని మీది ముక్కను గుర్తుపట్టి, ఇంటర్‌ఫెరాన్ గామా విడుదల చేస్తుంది. అది అందగానే మాక్రోఫేజ్ తీరు మారిపోతుంది. తన కడుపులో కాపురమున్న క్రిమి మీద అరిగించే రసాలు పోయగలుగుతుంది, కొన్నిటిని చంపుతుంది, మిగతావాటిని పెరగనివ్వదు. హంతక కణాలనే ఇంకో రకం, పనికిరాకుండా పోయిన సోకిన కణాలకు రంధ్రాలు చేసి, వాటిని చచ్చేలా చేస్తుంది. చివరికి చచ్చిన కణాలు, బతికిన మాక్రోఫేజ్‌లు, చుట్టూ టి కణాలు కలిసి చిన్న గడ్డలా కట్టుకుంటాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. లోపల మిగిలిన క్రిములు బతికే ఉంటాయి, కానీ బయటికి రాలేవు. ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడనంత చిన్నది అది. మీ ఒంట్లో ఇప్పుడున్నది అదే.

టి కణాల పాత్ర ఇంత పెద్దదని ఎలా తెలుసు? అవి తగ్గినచోట ఏమవుతుందో చూసి తెలుసుకున్నారు. హెచ్‌ఐవీ సహాయక టి కణాలనే తినేస్తుంది, ఆ రోగుల్లో టీబీ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కీళ్లవాతానికి వాడే కొన్ని ఇంజక్షన్లు గ్రాన్యులోమా నిలవడానికి కావాల్సిన టీఎన్‌ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. వాటిని వాడినవాళ్లలో పాత టీబీ లేస్తోందని 2001లో బయటపడింది. ఇంటర్‌ఫెరాన్ గామాను అందుకునే శక్తి పుట్టుకతోనే లేని పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్లకు బీసీజీ టీకాలోని బలహీనమైన క్రిమి కూడా ప్రాణాంతకం అవుతుంది. మనలో ఎంతోమంది ఆ క్రిమిని లోపల పెట్టుకుని కూడా నిక్షేపంగా తిరుగుతున్నామంటే అది టి కణాల చలవే.

ఎంతోమంది అని ఊరికే అనలేదు. 2019–21 మధ్య జరిగిన జాతీయ టీబీ సర్వేలో, 15 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 31 శాతం మందికి ఈ క్రిమి సోకి ఉన్నట్టు తేలింది. మీ తోడికోడలు ఫోన్లు చేసిన బంధువులను వరసగా నిలబెట్టి ఇదే పరీక్ష చేస్తే, అందులో చాలామందికి మీలాగే పాజిటివ్ వస్తుంది. మీరు చేయించుకున్నారు కనుక మీకు తెలిసింది.

అయితే ఇంకో సగం నిజం కూడా చెప్పాలి. నివురుగప్పిన నిప్పు అంటాం చూడండి, మీ స్థితి అది. క్రిమి సోకిన ప్రతి వంద మందిలో 5 నుంచి 10 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు లేస్తుంది. అందులోనూ దాదాపు సగం మొదటి రెండేళ్లలోనే. మీకు సోకింది ఇటీవలే, ఒకే ఇంట్లో, నెలల తరబడి దగ్గిన మనిషి నుంచి. అంటే ముప్పు ఎక్కువగా ఉండే రోజుల్లో మీరున్నారు. డాక్టరుగారు మందు వేసుకోమన్నది అందుకు. మీ టి కణాలు బలహీనమయ్యాయని కాదు, అవి పట్టి ఉంచిన క్రిములను మందుతో తుడిచేద్దామని. దీన్ని టీబీ ప్రివెంటివ్ ట్రీట్‌మెంట్ అంటారు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పూర్తిగా వాడితే జబ్బు వచ్చే అవకాశం 60 నుంచి 90 శాతం దాకా తగ్గుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏ దారైనా ఎంచుకునే ముందు ఒకటి నిర్ధారించుకోండి. మామయ్యగారి కళ్లె పరీక్షలో ఆ క్రిమి రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ మందులకు లొంగుతుందని తేలిందా? లొంగని రకమైతే మీకు ఇచ్చే మందు మారుతుంది. ఆ కాగితం ఆయన ఫైల్లో ఉంటుంది.

మొదటి దారి: ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒక్కరోజు, 12 వారాలు. ఇది త్వరగా అయిపోతుంది కనుక మధ్యలో మానేసేవాళ్లు తక్కువ. మీ రెండో బిడ్డ ఆలోచనకు ఇది ఒక రకంగా అనుకూలం, ఒక రకంగా అడ్డం. గర్భంలో ఈ జంట మందు సురక్షితమని చెప్పేందుకు తగినంత ఆధారం లేదు కాబట్టి ఆ మూడు నెలలూ గర్భం రాకూడదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే రిఫాపెంటిన్ వాటి పనిని తగ్గించేస్తుంది, కండోమ్ వాడాల్సిందే. మాత్రలు వేసుకున్న రోజు మూత్రం, కన్నీళ్లు, చెమట నారింజ రంగులో వస్తాయి, అది మందు రంగు. కొందరికి ఆ రాత్రి జ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులుంటాయి.

రెండో దారి: ఐసోనియాజిడ్ ఒక్కటే, రోజూ, ఆరు నెలలు. కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కకుండా బి6 మాత్ర తోడుగా ఇస్తారు. ఇది గర్భనిరోధక మాత్రలకు అడ్డురాదు. మధ్యలో గర్భం వస్తే కొనసాగించాలా, ఆపాలా అన్నది అప్పుడు గైనకాలజిస్టు, టీబీ డాక్టరు కలిసి తేలుస్తారు. గర్భంలో, ప్రసవం తర్వాత ఈ మందుతో లివరు మీద మరింత కన్నేసి ఉంచాలి. ఆరు నెలలు రోజూ గుర్తుపెట్టుకుని మింగడం చాలామందికి కష్టమవుతుంది, మీ ఇంట్లో మాత్రలు బీరువాలోకి వెళ్లే తీరు చూస్తే మీకు ఇంకా కష్టం.

మూడో దారి: మందు వేసుకోకుండా కనిపెట్టుకుని ఉండటం. మీ ఆయన అంటున్నది ఇదే. ఇది మూర్ఖత్వమేమీ కాదు, వందలో తొంభై మందికి ఏమీ కాదన్నది నిజమే. కానీ ఇందులో పని ఎక్కువ. రెండేళ్లపాటు రెండు వారాలు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఆ వారమే కళ్లె పరీక్షకో ఎక్స్‌రేకో వెళ్లాలి. మామయ్యగారి దగ్గును మూడు నెలలు బీడీల మీదికి తోసేసిన ఇల్లు అది, అంత అప్రమత్తంగా ఉండగలదా అన్నది మీరు ఆలోచించుకోవాలి. పైగా రెండో బిడ్డ. గర్భంలో తల్లి రోగనిరోధక వ్యవస్థ కొంత సర్దుకుంటుంది, ప్రసవమయ్యాక తిరిగి మారుతుంది. ఆ మొదటి నెలల్లో టీబీ లేచే అవకాశం పెరుగుతుందని తేలింది. అప్పుడు జబ్బు వస్తే మీ గుండెల మీద ఉండేది నెలల పసికందు.

నన్నడిగితే మొదటి దారివైపు మొగ్గుతాను. మూడు నెలలు ఆగి, నిశ్చింతగా బిడ్డను కనొచ్చు. ఇప్పటికే నెల తప్పి ఉంటే మాత్రం ఈ లెక్క మారిపోతుంది కాబట్టి మొదటి మాత్ర వేసుకునే ముందు గర్భపరీక్ష చేయించుకోండి.

లివరు భయం గురించి మీ ఆయనకు చెప్పాల్సింది: ఆ భయం వట్టిది కాదు. ఈ మందులు కొందరిలో లివరును వాచేలా చేస్తాయి. కానీ వయసులో ఉండి, మద్యం అలవాటు, పాత కామెర్లు లేనివాళ్లలో అది అరుదు. కావాలంటే మొదలుపెట్టే ముందు లివరు పరీక్ష చేయించుకోండి. అన్నం సయించకపోవడం, వాంతులు, కడుపు కుడివైపు నొప్పి, కళ్లు పచ్చబడటం, మాత్ర వేసుకోని రోజుల్లో కూడా మూత్రం ముదురు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ షరతు మీద ఆయన ఒప్పుకుంటారేమో చూడండి. లేని రోగానికి మందేమిటన్న మాటకు, ఈసారి డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, ఎక్స్‌రే, రక్తపరీక్ష రెండూ పక్కపక్కన పెట్టించుకుని చూడటం మంచిది.

పాప సంగతి వేరు. అక్కడ ఇన్ని దారులు లేవు, అందుకే గట్టిగా రాస్తున్నాను. ఐదేళ్లలోపు పిల్లల్లో టి కణాల స్పందన ఇంకా పదునెక్కలేదు. పెద్దవాళ్లలో గడ్డకట్టి ఆగిపోయే క్రిమి, వాళ్లలో రక్తంలో పడి మెదడు పొరల దాకా పోగలదు. అదీ నెలల వ్యవధిలో. బీసీజీ ఆ ముప్పును బాగా తగ్గిస్తుంది గాని పూర్తిగా తీసెయ్యదు. అందుకే ఇంట్లో ఊపిరితిత్తుల టీబీ ఉంటే, ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని తేల్చుకున్న వెంటనే, రక్తపరీక్ష కోసం కూడా ఆగకుండా మందు మొదలుపెట్టమని మన జాతీయ కార్యక్రమం చెబుతోంది. రోజులు గడిచాయి కనుక పాపను మళ్లీ ఒకసారి చూపించి, బరువు తూయించి, ఆ మాత్రలు మొదలుపెట్టండి. అత్తయ్యగారితో వాదనకు దిగొద్దు. ఆవిడ భయమంతా మనవరాలి కోసమే. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో ఇంటికి రమ్మని, ఆవిడ చేతనే మొదటి మాత్ర వేయించండి. పాపకు మందు ఆగితే ఏమవుతుందో వాళ్ల నోట వింటే ఆవిడ మనసు మారుతుంది.

పొడి డబ్బాల గురించి. మీ టి కణాలకు పెంచాల్సిన లోటేమీ లేదని మైటోజెన్ అంకె చెప్పనే చెప్పింది. ఇంకో సంగతి, టి కణాల స్పందన ఎంత ఎక్కువైతే అంత మేలని కూడా లేదు. టీబీలో ఊపిరితిత్తి పుండై గుల్ల పడటానికి క్రిమి ఒక్కటే కారణం కాదు, దాని మీద మన ఒళ్లు చేసే దాడి కూడా కారణం. టి కణాలు బాగా తగ్గిపోయిన హెచ్‌ఐవీ రోగుల్లో అలాంటి గుల్లలు తక్కువగా కనిపిస్తాయి. అదీగాక, అందులో ఏముందో తెలియని పొడిని లివరు మీద పనిచేసే మందుతో కలిపి తాగితే, రేపు కామెర్లు వచ్చినా దేనివల్లో తేల్చలేరు. ఆ డబ్బుతో పప్పు, గుడ్లు, పాలు కొనండి. ఇది ఇంటి పెద్దలు చెప్పే మామూలు మాట అనుకోకండి. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకు నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఆ అధ్యయనం 2023లో వెలువడింది. మీరు వారంలో రెండు రోజులు ఒక్కపొద్దులుంటానని రాశారు, బరువు 42 కిలోలని కూడా. ఈ ఏడాదికి ఒక్కపొద్దులు పక్కన పెట్టండి.

ఇక కంచం, గ్లాసు. టీబీ కంచాల మీదుగా రాదు, బట్టల మీదుగా రాదు. గాలి మీదుగానే వస్తుంది. మీకు కంచం వేరు చెయ్యడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, మీ మనసు విరగడం తప్ప. మామయ్యగారిని దూరం పెట్టాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు. 1956లో మద్రాసులో కొందరు టీబీ రోగులను శానటోరియం అనే టీబీ ఆసుపత్రిలో, కొందరిని వాళ్ల సొంత ఇళ్లలో పెట్టి ఒకే మందులిచ్చారు. ఇళ్లు చిన్నవి, జనం ఎక్కువ, తిండి తక్కువ. అయినా ఇంట్లో ఉంచి వైద్యం చేసినవాళ్ల కుటుంబాలకు ముప్పు పెరగలేదు. ప్రమాదమంతా మందు మొదలవ్వక ముందు రోజుల్లోనే అని తేలింది. ఆ తర్వాతే ప్రపంచమంతా శానటోరియంలు వదిలి ఇంటి వైద్యానికి మళ్లింది. కాబట్టి మీరు ఆయనకు భోజనం పట్టుకెళ్లినందుకు ఇది ఫలితమని అనుకోకండి. జబ్బని ఎవరికీ తెలియని ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో ఎవరు ఊపిరి పీల్చినా ఈ ముప్పు ఉన్నదే. మీరు తీసుకెళ్లిన అన్నం తినే ఆయన కోలుకుంటున్నారు. రెండు నెలలు దాటాయి కనుక ఆయన కళ్లె మళ్లీ పరీక్ష చేశారా, నెగిటివ్ వచ్చిందా కనుక్కోండి. దగ్గు తగ్గిందని ఆయన మందు ఆపకుండా చూడండి, ఆరు నెలలూ పూర్తవ్వాలి.

తోడికోడలితో ఏం మాట్లాడాలో మీకు రెండు మార్గాలున్నాయి. "నాకు జబ్బు లేదక్కా, క్రిమి నిద్రలో ఉంది, అది లేవకుండా మందు వేసుకుంటున్నా, మీ ఇంట్లోనూ ఎవరైనా మామయ్య దగ్గరికి ఎక్కువగా వచ్చారా, పరీక్ష చేయించండి" అని నేరుగా చెప్పడం ఒకటి. సంక్రాంతి రోజుల్లో వాళ్ల పిల్లలు ఆ ఇంట్లో పడుకున్నట్టయితే అది వాళ్లకు నిజంగా అవసరమైన సలహా కూడా. ఆవిడతో మాట్లాడే ఓపిక లేకపోతే, మీ ఆయన చేత వాళ్ల అన్నయ్యకు చెప్పించండి. ఇంట్లో కంచం ఒక్కటి చెయ్యాల్సింది మాత్రం మీ ఆయనే. ఆయన మీ పక్కన కూర్చుని, అదే గిన్నెలోంచి వడ్డించుకుని తింటే మిగతావాళ్ల నోళ్లు వాటంతటవే మూతపడతాయి.

ఒక విషయం మిగిలింది. కోర్సు పూర్తయ్యాక నెగిటివ్ వచ్చిందో లేదో చూద్దామని ఈ రక్తపరీక్ష మళ్లీ చేయించుకోకండి. క్రిములు పోయినా వాటిని గుర్తుపెట్టుకున్న టి కణాలు ఏళ్ల తరబడి ఉంటాయి, పరీక్ష పాజిటివ్ గానే వస్తుంది, మళ్లీ ఇంట్లో గొడవ మొదలవుతుంది. మందు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ముగించారో తేదీలతో డాక్టరుగారి చేత రాయించుకుని, ఈ రిపోర్టుతో పాటు ఫైల్లో పెట్టుకోండి. రెండో కాన్పు చూసే డాక్టరుకు మొదటిసారి వెళ్లినప్పుడే ఆ కాగితం చూపించండి.